హాకీ సారుకు నేను చెప్పిన ముచ్చట

మా ముందు గదిలోకి హాకీ సారు దిగిన రోజే నాకు ఆయన మీద అనుమానం పుట్టింది. వనపర్తిలో మాది చిన్న ఇల్లు. ముందు ఒక గది, దాన్ని ఆనుకొని వసారా, వెనక మేముండే రెండు గదులు, వంటిల్లు. ముందు గది ఎప్పుడూ ఎవరో ఒకరికి కిరాయికి ఇస్తూనే ఉంటాం. ఆయనకు ముందు కరెంటు పని చేసే ఒకాయన ఉన్నాడు, అంతకు ముందు ఒక నర్సమ్మ. వాళ్లు దిగినప్పుడు సామాను చూస్తేనే వాళ్ల పని తెలిసిపోయేది. కరెంటాయన సంచిలోంచి పట్టకారు బయటికి తొంగి చూసేది. ఈ సారు మాత్రం ఒక ఇనుప పెట్టె, ఒక పరుపు చుట్ట, చిన్న గ్యాసు పొయ్యి పట్టుకొని దిగాడు. యాభై దాటిన మనిషి. బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. కుడి మోకాలు కొంచెం ఈడుస్తూ మెట్లెక్కాడు.

"ఏం పని సార్ మీది?" అని అడిగాను.

"ఆడపిల్లలకు హాకీ నేర్పిస్తనమ్మా. బడి మైదానంల. నాగర్‌కర్నూల్ల ఉంటి, ఈడికేశిండ్రు."

"మీరు గూడ ఆడిండ్రా?"

"ఆడిన. హైదరాబాదుల ఉండి రాష్ట్రానికి ఆడిన."

ఆయన పెట్టె తెరిచేదాకా నేను అక్కడే నిలబడ్డాను. బట్టలు, ఒక విజిలు, రెండు పాత కర్రలు, మందుల డబ్బా. అంతే. కప్పు లేదు. పటం కట్టించిన ఫొటో లేదు. మా కొడుకు పెళ్లి కాకముందు వీపనగండ్లలో కబడ్డీ ఆడి రెండో బహుమతిగా ఒక స్టీలు బిందె తెచ్చుకున్నాడు. ఆ బిందె ఇప్పటికీ మా వంటింట్లో అందరికీ కనిపించే చోట ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు అడగకపోయినా వాడే చూపిస్తాడు. ఒక్క బిందెకే అంత చేస్తే, రాష్ట్రానికి ఆడిన మనిషి దగ్గర చూపించడానికి ఏమీ లేకపోవడం ఏమిటి?

మాది మొదట్నుంచి మెట్ట పొలాల బతుకు. మా నాయన జీతగాణ్ని మాట్లాడుకునేటప్పుడు ఊరు అడగడు, పేరు అడగడు, ముందు కుడి చెయ్యి పట్టుకొని అరచేతిని బొటనవేలితో ఒత్తి చూసేవాడు. కాయలు కాసి గట్టిగా ఉంటే పనిమనిషి. మెత్తగా ఉంటే మాటల మనిషి. మూడో తరగతితో నా చదువు ఆగిపోయింది కానీ ఈ చదువు మాత్రం బాగా వచ్చింది. ఆ వచ్చిన శనివారం కొబ్బరికాయ కొట్టి ముక్క పట్టుకొని ఆయన గడపలోకి వెళ్లాను. ప్రసాదం పెడుతున్నట్టే పెడుతూ అరచేతిని ఒకసారి తడిమాను. మెత్తగా ఉంది. కంసాలి చెయ్యి కూడా దానికంటే గట్టిగా ఉంటుంది.

"రాష్ట్రానికి ఆడిండంట," అని ఆ రాత్రి అన్నం దగ్గర మా కోడలితో అన్నాను. "ఆ చేతితోటి చీపురు గూడ పట్టలే."

"కిరాయి ఇస్తుండు గద అత్తా. నీకెందుకు?" అంది కోడలు.

నాకెందుకో అప్పుడు నాకూ తెలియదు. ఎండాకాలం సెలవుల్లో తెలిసింది. మా మనవరాలు పొద్దున్నే లేచి ఆయన వెనక మైదానానికి పోవడం మొదలుపెట్టింది. నాకు ఉన్నది ఒక్కతే మనవరాలు. బడి కాగితాల్లో పదమూడు దాటింది, ఎనిమిదో తరగతిలోకి పోతోంది. ఇంట్లో ఏ పని చెప్పినా మూలిగేది, అక్కడ మాత్రం నోరెత్తకుండా పరుగెత్తేది. నెల తిరిగేసరికి ఆ పిల్లల గుంపులో దీన్ని పట్టుకునే పిల్ల లేదని అందరూ అనడం మొదలుపెట్టారు. నాకు లోపల సంతోషమే. కానీ ఆ సారు చేతి మెత్తదనం మాత్రం మనసులోంచి పోలేదు.

ఒకరోజు దానికి చెప్పేశాను. అది పకపకా నవ్వింది.

"అవ్వా, హాకీ కట్టె పట్టుకునేది ఎడమ చేతితోటి. మీద ఎడమ చెయ్యి బిగించి పట్టాలె. కుడి చెయ్యి కింద ఊరికె జారుతుంటది. నువ్వు సూసింది ఉత్త చెయ్యి."

"అట్లయితె ఎడమ చెయ్యి సూడాలె."

"ఎట్ల సూస్తవ్? ప్రసాదం ఎడమ చేతుల పెడ్తవా?"

పెట్టలేను కదా. ఆయన దండెం మీద లుంగీ ఆరేస్తున్నప్పుడు కిటికీలోంచి చూశాను. ఎడమ చేతి వేళ్ల మొదట్లో గట్టిగా నల్లబడ్డ మచ్చలున్నాయి. సరే, ఉన్నాయి. అయితే ఆయన ఎప్పుడో కుర్రతనంలో ఆడాడంటున్నాడు, ఇన్నేళ్లు కాయలు నిలుస్తాయా? పాత స్కూటరు ఒకటి ఉంది ఆయనకు. దాని క్లచ్చు కూడా ఎడమ చేతితోనే పట్టాలి. అందుకని ఆ సాక్ష్యాన్ని నేను సగమే ఒప్పుకున్నాను.

కథలు చెప్పేదాన్ని కాబట్టి అబద్ధం పట్టుకోవడానికి నాకు ఇంకో పద్ధతి ఉంది. ఒకే సంగతిని కొన్ని రోజులు ఆగి మళ్లీ అడగాలి. అబద్ధమైతే రెండోసారి చెప్పేటప్పుడు ఎక్కడో ఒకచోట పక్కకు జరుగుతుంది. అందుకని చాయ్ ఇచ్చే నెపంతో ఆయన ఆట సంగతి మళ్లీ మళ్లీ అడిగేదాన్ని. ఆయనది మానవపాడు అవతల ఊరు, తండ్రి కౌలుకు మిరప వేసేవాడు. గద్వాలలో హాస్టల్లో ఉండి చదివాడు. అక్కడ డ్రిల్లు సారు వంకర తిరిగిన తుమ్మ కొమ్మలు నరికించి, గుడ్డపేలికల బంతికి సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఆట నేర్పాడు. అక్కడినుంచి హైదరాబాదు ఆటల హాస్టలు. ఆ తర్వాత ఒక ఫ్యాక్టరీ జట్టులో ఆడినందుకు ఫ్యాక్టరీలోనే నౌకరీ. మోకాలు పోయాక జట్టులోంచి, కొన్నాళ్లకు ఫ్యాక్టరీలోంచి బయటికి. అప్పుడు కోచింగు నేర్చుకొని, ప్రైవేటు బడుల్లో కొన్నేళ్లు, తర్వాత గద్వాల, నాగర్‌కర్నూలు, వనపర్తి. ఏడాదికోసారి ఉంచుతారో తీసేస్తారో తెలియని కొలువు.

ఎన్నిసార్లు అడిగినా మాట మారలేదు. సైకిలు ట్యూబు ముక్కలు కూడా తప్పలేదు. అదీ నాకు అనుమానమే. నిజంగా జరిగిన సంగతి చెప్పేటప్పుడు మనిషికి కొత్త కొత్తవి గుర్తొస్తాయి. ఈయన చెప్పేది బడిలో పద్యం అప్పజెప్పినట్టు ఉండేది. ముఖ్యంగా హైదరాబాదు హాస్టలు దగ్గరికొచ్చేసరికి చాయ్ గ్లాసు గట్టున పెట్టి, "అట్ల ఆడినమ్మా," అని లేచిపోయేవాడు.

వానాకాలం మొదట్లో మనవరాలు ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. గద్వాలలో పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలకు ఆటలు పెడుతున్నారట. వనపర్తి జట్టును సారే తీసుకుపోతాడు. అక్కడ బాగా ఆడితే హైదరాబాదు ఆటల హాస్టలుకు తీసుకుంటారు. తిండి, చదువు, ఆట అన్నీ అక్కడే. పదో తరగతి కాగానే దాన్ని కుట్టుమిషను నేర్చుకోమని మా కొడుకు అప్పటికే ఒకటికి రెండుసార్లు అని ఉన్నాడు. ఆ పిల్ల కుట్టుమిషను చప్పుడు వింటేనే చెవులు మూసుకునేది. అందుకని గద్వాల దానికి ఆట ఒక్కటే కాదు. మా ఇంట్లోంచి మైదానంలోకి వేసిన దారి.

"రెండు రాత్రులు ఆడ్నె ఉండాలె," అంది తండ్రితో. "సార్ తోటి ఇంకో మేడం గూడ వస్తది."

కొడుకు నా వైపు చూశాడు. నేను ఏమంటే అదే. సరిగ్గా అప్పుడే ఎదురింటి వదిన వచ్చి చెవిలో వేసింది. ఆ సారును నాగర్‌కర్నూలులో ఏడాది నడిమధ్యలో పంపించేశారట. పిల్లల తల్లిదండ్రులే వద్దన్నారట. ఎందుకు వద్దన్నారో వదినకు తెలియదు. తెలియకపోవడమే పెద్ద మాటైంది. ఆడపిల్లలకు ఆట నేర్పే మగమనిషిని తల్లిదండ్రులు వద్దన్నారంటే మన మనసు ఎక్కడికి పోతుంది?

మర్నాడు పొద్దున్నే నాగర్‌కర్నూలు బస్సెక్కాను. ఎవరికీ చెప్పలేదు, బంధువులింటికన్నాను. మా దగ్గర ఒక మనిషి సంగతి కనుక్కోవాలంటే ఒకే పద్ధతి ఉంది, సంబంధం కోసం విచారించడం. పిల్లవాడి ఊరికి పోవాలి, ఏ దుకాణం ముందో కూర్చోవాలి, దాహం అడగాలి, నీళ్లు తాగుతూ నెమ్మదిగా మాట కదపాలి. చెప్పేవాళ్లు చెడు చెప్పరు. ఒక సంబంధం చెడగొట్టిన పాపం ఎవరు మూట కట్టుకుంటారు? అన్నీ మంచే చెబుతారు. కనుక మనం విన్నదాన్ని పక్కనబెట్టి, వాళ్లు దేన్ని మాట్లాడకుండా దాటేశారో దాన్ని పట్టుకోవాలి. మా ఇంట్లో ముగ్గురు ఆడపిల్లల సంబంధాలు నేనే విచారించాను. ఒక్కటీ తప్పలేదు.

మైదానం దగ్గర అడిగితే ఆయన కిరాయికున్న ఇల్లు చూపించారు. ముందు గాజుల దుకాణం, వెనక ఇల్లు. దుకాణంలో ఒక ముస్లిం ఇల్లాలు కూర్చొని ఉంది. రెండు డజన్ల మట్టిగాజులు చూపించమన్నాను. చెయ్యి ఆమెకిచ్చి, గాజులు ఎక్కుతుండగా సారు మాట తీశాను. ఆయనకు హైదరాబాదులో నౌకరీ చేసే కొడుకున్నాడట కదా అన్నాను. ఆమె ముఖం విప్పారింది.

"సంబంధమా అక్కా?"

"అట్లాంటిదె అనుకో చెల్లె."

"చేస్కోండ్రి. ఫికర్ లేదు. ఇల్లు మంచిది."

"తాగుతడా ఆయన?"

"చాయ్ తాగుతడు. గది గూడ చక్కెర లేకుంట."

"కోపమా?"

"మైదానంల గొంతు ఈడిదాక ఇనొస్తది. ఇంటికొస్తె పిల్లి లెక్క."

"ఆడపిల్లలతోటి ఎట్లుంటడు?"

గాజు ఎక్కిస్తున్న చెయ్యి ఆగలేదు. అదే చూశాను నేను. "నా బిడ్డ గూడ ఆయన దగ్గర ఆడింది అక్కా. పేరు పెట్టేటట్టు ఏం లేదు. ఖుదా మీద ఒట్టు," అంది.

"మరి నడుమల ఎందుకు ఎల్లగొట్టిండ్రు?"

ఇప్పుడు చెయ్యి ఆగింది. పైనున్న డబ్బా ఒకటి దించి, మళ్లీ పైన పెట్టి, "ఇండ్లల్ల పిల్లల్ని పంపకపోయిరి. ఎవ్వరి లెక్క వాళ్లది. మనకెందుకక్కా," అంది. వెంటనే దాని మీద మంచి మాట ఒకటి కప్పింది. "ముసలోళ్లంటె పానం పెడ్తడు. మా అత్తమ్మ మంచంలనె ఉంటది. పొద్దుగూకితె ఆమె దగ్గర కూసోని పాత ముచ్చట్లన్ని చెప్పిచ్చుకుంటుండె. నా బిడ్డ ఎప్పుడు పుట్టింది, పక్కింటోళ్ల పిల్ల ఎప్పుడు పుట్టింది, అప్పుడు ఎండలా వానలా, అన్ని ఓపికతోటి ఇంటుండె. మా ఇంటాయనకు గూడ అంత ఓపిక లేదు."

తిరుగు బస్సులో కూర్చొని దారి పొడుగునా లెక్క వేసుకున్నాను. ఆడపిల్లల దగ్గర మచ్చ లేదు, అది ఆమె చేతిలో చూశాను. పిల్లల్ని పంపకపోవడం దగ్గర ఏదో ఉంది, కానీ అది ఈమె సిగ్గుపడే సంగతేమీ కాదు, చికాకుపడే సంగతి. ఇక ముసలివాళ్లతో కూర్చొని పాత ముచ్చట్లు వినే మగవాడు. అలాంటి అల్లుడు దొరికితే మేము కట్నం ఎంతని కూడా అడక్కుండా పెళ్లి చేసేస్తాం. ఇంటికి రాగానే కొడుకుతో, "పంపు," అన్నాను. మనవరాలు నా మెడ పట్టుకొని ఊపేసింది.

ఆ తర్వాత ఆయన మీద నా చూపు మారింది. రొట్టె చేస్తే ఒకటి ఎక్కువ చేసి పంపేదాన్ని. గద్వాల ప్రయాణానికి వారం ఉందనగా ఒక సాయంత్రం జట్టు మైదానంలో ఉండగా వాన దంచింది. పిల్లలందరూ కర్రలు పట్టుకొని మా వసారాలోకి వచ్చి పడ్డారు. సారు కూడా వచ్చి గడప పక్కన పీట మీద కూర్చున్నాడు. వాన పడుతోంది, వేడివేడి మరమరాలు వేయించి పెట్టాను, పిల్లలు కథ చెప్పమన్నారు. వాన చూస్తే నాకు ఒకటే కథ వస్తుంది. మా మనవరాలు పుట్టిన కథ.

మా కోడలి పుట్టిల్లు మానవపాడు వైపు, తుంగభద్రకు దగ్గర. పురుడు అక్కడే. దసరా పోయి వారం కూడా కాలేదు, కోడల్ని చూద్దామని నేను వెళ్లాను. తెల్లవారి లేచేసరికి గొడ్లు అరుస్తున్నాయి. వాకిట్లోకి నీళ్లు వచ్చాయి. చూస్తుండగానే గడప దాటాయి. కోడలికి నొప్పులు మొదలయ్యాయి. ట్రాక్టరు మీద ఎత్తుకొని మిట్ట మీదున్న బడికి చేర్చాం. ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఆడవాళ్లం చీరలు అడ్డంగా పట్టుకొని నిలబడ్డాం. తరగతి గదిలో, నల్లబల్ల మీద ఎవరో పిల్లవాడు సగంలో వదిలేసిన కూడికలు అలాగే ఉండగా, దాని కింద ఈ పిల్ల పుట్టింది. బొడ్డు కోయడానికి బ్లేడు ఎవరి దగ్గరా లేకపోతే మంగలాయన తన పెట్టెలోది ఇచ్చాడు. బయట మొక్కజొన్న కంకులు నీళ్లలో పసుప్పచ్చగా తేలిపోతున్నాయి.

పిల్లలు మా మనవరాలిని చూసి నవ్వారు. ఎవరో, "అందుకె నీకు లెక్కలు మంచిగొస్తయ్," అన్నారు. సారు కూడా నవ్వాడు.

"మా నాయన ఇల్లు గూడ ఆ నీళ్లలనే కూలిందమ్మా," అన్నాడు. "దసరా ఎనక అంటిరి గదా?"

"ఎనకనే. బతుకమ్మ పూలు ఇంక గుమ్మం కాడ ఎండుతుండె."

"మల్ల ఆ మీదటి ఏడు గూడ నీళ్లొచ్చినయ్ గదా కొంచెం?"

"ఆ నీళ్లు ఏం నీళ్లు సార్? ఊరు మునిగింది ఒక్కపారె."

ఆయన తలూపాడు. మరమరాల గిన్నె పక్కన పెట్టాడు. వాన తగ్గాక పిల్లల్ని పంపించి తన గదిలోకి వెళ్లిపోయాడు. మంచి కథకుణ్ని దొరకబుచ్చుకున్న శ్రోతలా ఉన్నాడని మురిసిపోయాను నేను.

మర్నాడు మధ్యాహ్నం మనవరాలు వచ్చి కర్రను వసారాలోకి విసిరింది. అది దొర్లుకుంటూ వచ్చి నా కాళ్లకు తగిలింది. జట్టులోంచి దాని పేరు తీసేశాడట. వరద ఏడు పుట్టిన పిల్లకు పద్నాలుగు ఎప్పుడో నిండిపోయాయట.

నాకు ముందు అర్థం కాలేదు. బడిలో రాసిన తారీఖు వేరు, ఇది పుట్టిన వేళ వేరు, రెండూ ఒక్కటే కావాలని మేమెప్పుడూ అనుకోలేదు. దీన్ని చంటిపిల్లగా ఉన్నప్పుడే మా కొడుకూ కోడలూ పూణెకు పనికి తీసుకుపోయారు. తిరిగొచ్చాక బడిలో వేయబోతే పెద్దసారు దాన్ని కుడి చెయ్యి తల మీదుగా తీసుకుపోయి ఎడమ చెవి పట్టుకోమన్నాడు. అన్నం సరిగ్గా లేని పిల్ల, చెయ్యి అందలేదు. ఒక ఏడు ఆగి మళ్లీ తీసుకుపోతే అందింది. ఒకటో తరగతికి ఎంత వయసుండాలో అంతే లెక్కేసి, జూన్ నెలలో ఏదో ఒక తారీఖు రాశాడు. ఆ బడిలో పిల్లలందరూ జూన్‌లోనే పుట్టారు. ఎవరూ అబద్ధం ఆడామనుకోలేదు. ఈ పిల్ల తన గుంపులో అందరికంటే వేగంగా ఎందుకు పరుగెత్తుతోందో కూడా మేము అడగలేదు.

అప్పుడు గాజుల దుకాణం ఇల్లాలి మాట నా తలలో ఇంకో రకంగా వినిపించింది. ముసలివాళ్లతో కూర్చొని, ఎప్పుడు పుట్టింది, ఎండలా వానలా అని అడిగే మనిషి. ఆయన మా ముందు గదిని కోరి తీసుకున్నది కూడా నా నోటి కోసమేనేమో. మళ్లీ అనుమానం ముసురుకుంది, ఈసారి ముందుకంటే ఎక్కువగా.

సాయంత్రం మా కొడుకు ఆయన్ను నిలదీశాడు. "కాయితం మీ ముంగట ఉన్నది. బడి పెద్దసారు సంతకం ఉన్నది. ముసలామె ఏదో కథ చెప్తె దాన్ని పట్టుకొని పిల్ల నోట్ల మన్ను కొడ్తవా?"

"కాయితం నేను సూసిన తమ్మీ. కాయితాలన్ని ఒక్క తీరుగనే ఉంటయ్," అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. "ఆమె యాది మర్శి చెప్పిన అంటె, నేను పేరు రాస్త. మల్ల అడగ."

అందరూ నా వైపు తిరిగారు. కొడుకు, "అమ్మా, ఒక్క మాట. మర్శిపోయిన అను," అన్నాడు. కోడలు చెంగు నోటికి అడ్డం పెట్టుకొని నా వైపే చూస్తోంది. దానికి కూడా అదే కావాలి, కానీ ఆ గదిలో పురిటినొప్పులు పడ్డది తనే కదా, నోరు విప్పలేకపోయింది. మనవరాలు స్తంభానికి ఆనుకొని నిలబడింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నాకు సులువయ్యేది.

చదువు లేనిదాన్ని. నాకున్నది ఈ యాది ఒక్కటే. చుట్టుపక్కల ఎవరికి ఏ ఏట ఏం జరిగిందో నన్నడిగే చెప్పుకుంటారు. అయినా ఆ పిల్ల కోసం దాన్ని వదిలేద్దామనే అనుకున్నాను. మర్చిపోయాను సారూ, ముసలిదాన్ని, ఏదేదో కలిపి చెప్పాను, అనడానికే నోరు తెరిచాను. తెరిస్తే ఆ తరగతి గది కళ్ల ముందుకొచ్చింది. ఆ పిల్లను తుడిచిన నా చీర కొంగు తడి చేతికి తగిలింది.

"ఆ నీళ్లు రెండు పార్లు రాలేదు సార్," అన్నాను.

మా కొడుకు చేతిలో తువ్వాల నేలకేసి కొట్టి బయటికి పోయాడు. మనవరాలు లోపలికెళ్లి తలుపేసుకుంది.

సారు మాత్రం పోలేదు. పీట లాక్కొని కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు, హైదరాబాదు హాస్టలు దగ్గర ఇన్నాళ్లూ ఆగిపోయిన ముచ్చట.

"నన్ను గూడ జూనియర్ల జట్టుల తీస్కున్నప్పుడు నాకు ఏండ్లు దాటినయమ్మా. మా నాయన రెండేండ్లు తక్కువ చెప్పిండు. డ్రిల్లు సారు చెప్పుమంటె చెప్పిండు. గద్వాల హాస్టల్ల నా జాగలనె ఆడే ఇంకో పిలగాడుండె. వాని ఈడు నిజం ఈడు. నాకంటె చిన్నోడు, నాకంటె మంచిగ ఆడెటోడు. ఒక్కని జాగ ఉంటె నాకిచ్చిండ్రు. ఆ జట్టుల కప్పు గెలిస్తిమి. ఆ కప్పును సూసే ఫ్యాక్టరీల నౌకరి ఇచ్చిండ్రు. వాడు ఇప్పుడు గద్వాలల ఆటో నడుపుతుండు. బస్టాండుల కలిస్తె మంచిగనె మాట్లాడ్తడు."

"ఆ కప్పు ఏది?"

"మా అన్న ఇంట్ల. గోనెసంచిల."

నాగర్‌కర్నూలులో కూడా అదే సంగతి. ఇళ్లకెళ్లి అవ్వల దగ్గర కూర్చొని వయసులు కనుక్కొని, సగం జట్టును తీసేశాడు. ఇళ్లవాళ్లు పిల్లల్ని పంపడం మానేశారు. పిల్లలు లేని మైదానానికి కోచ్ ఎందుకని ఇక్కడికి పంపించారు.

నేను విన్నాను.  ఇప్పుడు కూడా ఆ ముచ్చట నాకు పూర్తిగా మింగుడు పడలేదు. కథలు చెప్పేదాన్ని కదా, నాకు తెలుసు, నిజం అంత కచ్చితంగా కావాల్సిన వేళకు, కావాల్సిన కొలతలో రాదు. నా మనసు మెత్తబడటానికి ఏం కావాలో సరిగ్గా అదే చెప్పాడాయన. గోనెసంచిలో కప్పు నిజంగా ఉందో లేదో మానవపాడు దాకా పోయి చూసొచ్చే ఓపిక నాకు లేదు. గద్వాల బస్టాండులో మాత్రం ఆటోవాళ్ల ముఖాలు ఒకటికి రెండుసార్లు చూస్తాను.

జట్టు గద్వాల పోయిన రోజు జీపు మా వాకిట్లోంచే బయలుదేరింది. మనవరాలు మిద్దె మీదికెక్కి అటువైపు తిరిగి కూర్చుంది. సారు కిందినుంచే, "వచ్చినంక పెద్ద పిల్లలతోటి ఆడుదువు. పదిహేడు లోపుది. ఐతారం రా," అని కేకేశాడు. అది తిరిగి చూడలేదు. మూడో రోజు జట్టు ఓడి తిరిగొచ్చింది. మా కొడుకు ఆ మాట అందరికీ వినపడేలా రెండుసార్లు చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

మనవరాలు నాతో మాట మానేసింది. అన్నం పెడితే తినేది, గ్లాసు ముందుంటే తాగేది, పిలిస్తే పలికేది కాదు. కోడలితో, "అవ్వను మంచినీళ్లు పెట్టమను," అనేది, నేను పక్కనే ఉండగా. కుట్టుమిషను మాట మా కొడుకు మళ్లీ తీశాడు. ఈసారి అది మూలగలేదు. అది చూసే నాకు భయం వేసింది.

ఆదివారం పోలేదు. తర్వాతి ఆదివారం కూడా పోలేదు. ఆ తర్వాతి వారంలో ఒక పొద్దున లేచి చూస్తే వసారా మూలన కర్ర లేదు. మధ్యాహ్నానికి పిల్ల కుంటుతూ వచ్చింది. మోకాలి కింద నల్లగా కమిలి ఉంది. పెద్ద పిల్లలు కొట్టే బంతి దీని గుంపులో బంతి లాంటిది కాదు. కోడలు పసుపు పట్టు వేస్తుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. కావాలనే కొట్టించాడా ఆ సారు? మా కొడుకు నిలదీసిన కోపం పిల్ల మీద తీరుస్తున్నాడా? పడుకున్నా అదే ఆలోచన.

మర్నాడు చీర సర్దుకొని మైదానానికి వెళ్లాను. అంతవరకు ఒక్కసారి కూడా వెళ్లలేదు. గోడ నీడలో ఒక రాయి మీద కూర్చున్నాను. పెద్ద పిల్లల మధ్య మా పిల్ల పిట్ట లాగా ఉంది. చిన్న గుంపులో అందరికంటే ముందుండేది, ఇక్కడ అందరికంటే వెనకుంది. ఎవరూ దానికి బంతి ఇవ్వడం లేదు. చెయ్యి ఎత్తి అడుగుతోంది, ఇవ్వడం లేదు. సారు గీత అవతల నిలబడి చూస్తున్నాడు తప్ప ఒక్క మాట అనడం లేదు. పోయి నాలుగు కడిగేద్దామని లేవబోయాను. అంతలో మా పిల్ల ఒక పొడుగాటి పిల్ల కర్ర కిందినుంచి బంతిని లాగేసుకుంది. ఎలా లాగిందో నాకు కనపడలేదు. ఆ పొడుగాటి పిల్ల, "ఏయ్, పొట్టీ," అని వెంటబడింది. మా పిల్ల గోలు దాకా పోలేదు, మధ్యలోనే బంతి పోగొట్టుకుంది. కానీ మళ్లీ వెనక్కి పరుగెత్తి బంతి కోసం నిలబడింది.

నీళ్లు తాగడానికి అందరూ గోడ దగ్గరికొచ్చారు. అది నన్ను చూసింది. అక్కడే ఆగిపోయింది. తర్వాత ఒగరుస్తూ దగ్గరికొచ్చి, నా పక్కనున్న సీసా తీసుకొని సగం తాగి, సగం తల మీద పోసుకుంది.

"అవ్వా, నువ్వు ఇంటికి పో," అంది. "నువ్వు సూస్తుంటె నాకు ఆడొస్తలేదు."

"పోత," అన్నాను. లేచి, చీరకు అంటిన మట్టి దులుపుకొని, ఇంటి దారి పట్టాను.